ఏ నీళ్లు తాగుతావు?

వేగిన జీడిపిక్కల పొగ తగిలి
పనిలోంచి లేచి బయటికి పరిగెత్తాను.
తిరిగొచ్చి కూర్చునేసరికి
బల్ల చుట్టూ ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది.
ఇక పన్నెండు నోళ్లు, పన్నెండు ఆస్పత్రులు.

"కాశీబుగ్గలో మేడ మీదామె కాడికెల్లు, సెయ్యి సల్లన."
"సల్లగా కోసెత్తాది! మా మరదలికి నొప్పులే రానీనేదు."
"గవర్మెంటామె మంచిదే గానీ అరుత్తాది."
"అరవనీయే, బతికించినామె అరిత్తే ఏటయిపోద్ది?"
ఊర్వశి తలెత్తలేదు.
పప్పు మీది పొర గోటితో తీస్తూ
"నీ మాట సివరిదాకా ఇనేవోలెవులో సూసుకో" అంది.
దానికి ఇద్దరు, కడుపులోనే.
తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మేడ మీదామె దగ్గర నాది నలభై ఏడో టోకెను.
నేను కుర్చీలో కూర్చోకముందే
ఆమె పెన్ను రాయడం మొదలెట్టింది.
"అంతా నార్మల్" అంది. నేనింకా ఏమీ చెప్పలేదు.

రెండో ఆమె నవ్వుముఖం.
నా కడుపు సంగతంతా మా అత్తతో మాట్లాడింది,
నేను పక్కగదిలో ఎక్కడో ఉన్నట్టు.
అత్తకి మాత్రం ఆమె తెగ నచ్చేసింది.

మూడోది ఎరువుల కొట్టు వెనక ఒకే గది.
పాణిగ్రాహి డాక్టరమ్మ,
తెలుగులో ఒరియా యాస, తల సగం నెరుపు.
జీడి సొన కాల్చిన నా వేళ్లు
కొంగులో దాచుకుంటే
"తియ్యమ్మా, ఈ మందు కూడా రాస్తాను" అంది.

తర్వాత అడిగింది:
"ఏ నీళ్లు తాగుతావు?"

ఎన్నో నెల, ఎన్నో కాన్పు,
అన్నిటికీ జవాబులు కట్టుకుని వెళ్లాను.
దీనికి లేదు.
"బోరు నీళ్లేనండి, అందరం అయ్యే."
"ఇంట్లో ఎవరికైనా కిడ్నీ?"
మా నాయిన వారానికి రెండుసార్లు సోంపేట బస్సెక్కుతాడు.
పెదనాయిన ఎక్కడం మానేశాడు, మనిషే లేడు.
ఎదురింటి సింహాద్రికి ముప్పై నాలుగేళ్లే.
చెబుతూ ఉంటే
ఆమె పెన్ను పక్కన పెట్టేసింది.

"ముందు నీ రక్తం చూడాలి, బీపీ చూడాలి, తర్వాతే బిడ్డ మాట.
ఇంకోటి విను. నా దగ్గరే కనాలని లేదు.
ఇక్కడ రక్తం నిలవుండదు.
తేడా కనిపిస్తే శ్రీకాకుళం పంపేస్తాను,
రాత్రైనా సరే, నేనే ఫోన్ చేసి పంపుతాను.
ముందే చెబుతున్నా, అప్పుడు తిట్టుకోకండి."

బస్సులో అత్త గొణుగుడు ఆగలేదు.
"సేతకాదని తనే సెప్పుకునే డాకటరేటే?
మీ ఆయనొచ్చాక ఆలోసిద్దాం."
కిటికీ అవతల జీడితోటలు,
తుపానుకి మొండాలైన కొబ్బరిచెట్లు,
వాటి మధ్య ఎవరో కొత్తగా నాటిన మొక్కలు.
"ఆలోసించీసినానత్తా" అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆ రాత్రి దాహమేసి
కుండలోంచి గ్లాసు ముంచాను.
దీపం దగ్గరికి తీసుకెళ్లి చూశాను.
పుట్టాక ఇన్నేళ్లలో
తాగే ముందు చూడడం అదే మొదటిసారి.

ఎంత తేటగా ఉన్నాయో.

గురువారం రిపోర్టు వస్తుంది.