ఆరు నిమిషాలు తక్కువ

లూసియన్‌కి బడిరోజంటే మూడువందల తొంభై నిమిషాలు.
అందులో మాట పలికించే పాఠం ఇరవై నాలుగు,
వేళ్ళకి పెన్సిలు పట్టు నేర్పడం పదిహేను,
విడిగా చదువుచెప్పే గది, రాకపోకలతో కలిపి, నలభై అయిదు.
ఇవి తీసేస్తే మిగిలింది అందరి గది: మూడువందల ఆరు.
శాతం కట్టాను. డెబ్బై ఎనిమిదిన్నర, అదీ నిండా లేదు.
ఎనభై అందుకుంటే ఒక గడి, అందకపోతే ఇంకో గడి.
పిల్లాడు ఏ గడిలో ఉన్నాడో డిసెంబరు ఒకటికల్లా
పైవాళ్ళకి పంపాలి.

మెడలో గడియారం వేసుకుని వాడి వెంట తిరిగేది నేనే.
మెయిన్ రాష్ట్రం కొసన, నది ఒడ్డున బడి.
అవతలి ఒడ్డు కెనడా, అక్కడి టైము మాకంటే గంట ముందు.

వైస్ ప్రిన్సిపల్ మిసెస్ ప్లూర్డ్ చెడ్డమనిషి కాదు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితం తిరగేసి
"నడవాలో నడిచే టైము ఎటు వేశావు?" అంది.
పోయేటప్పుడు మూడు, వచ్చేటప్పుడు మూడు.
ఆ ఆరూ ఇటు లాగితే మూడువందల పన్నెండు.
సరిగ్గా ఎనభై. అతుకు కూడా కనపడదు.

నడవా ఎవరిదని నేనెప్పుడూ అనుకోలేదు.
అక్కడ వాడు నీళ్ళ కుళాయిని మెటికలతో తడతాడు,
చివరి కిటికీ దగ్గర ఆగి తీరతాడు.
మంచు తోసే బండి కనపడిందా, దాని చప్పుడు చేస్తాడు
పెదవులు బిగించి, గొంతు అడుగునుంచి, అచ్చంగా.
ఇరవై నాలుగు నిమిషాలు బతిమాలినా రాని 'మ'
అక్కడ ఉత్తినే వచ్చేస్తుంది.

అప్పుడు ఇంకో పుస్తకం తెరిచాను, ఎవరూ అడగనిది.
అందరి గదిలో ఉన్నంతసేపట్లో
వాడి పేరు ఎవరి నోట ఎన్నిసార్లు వచ్చిందని.
మంగళవారం, తొమ్మిది.
ఏడుసార్లు "లూసియన్, కూర్చో."
ఒకటి హాజరు పిలుపు.
ఒకటి నేనే.
లెక్కలోకైతే వచ్చాడు,
లెక్కచేసిందెవరు?

మిస్ కైర్‌ని అనడానికి లేదు. ఇరవై ఆరుగురికి రెండు చేతులు.
వాడి బల్ల వెనకాల, హీటరు పక్కన, గోడని ఆనుకుని.
రెండో పక్కన నేను.
నేను కూడా గోడనేనని
తట్టడానికి నాకు పదకొండేళ్ళ ఉద్యోగం పట్టింది.

మీటింగుకి వాళ్ళ నాన్న దుంపల గోదాము నుంచి నేరుగా వచ్చాడు,
బూట్లకి మట్టి, చేతిలో టోపీ.
శాతాలన్నీ విని, గొంతు సవరించుకుని
"పీపా పొలంలో ఎంతసేపుందని మేం కూలివ్వం మేడమ్,
నిండిందా అని చూస్తాం" అన్నాడు.
ఆ మాట ఎవరూ రాసుకోలేదు.
రాసే పని నాదే.

నవంబరు ఆఖర్న ఫైర్ డ్రిల్ గంట మోగింది.
కోట్లు తగిలించుకునే వ్యవధి లేదు, బడంతా మంచులో వరస.
తలుపు పట్టుకుని నిలబడాల్సొచ్చి నేను వెనకబడ్డాను.
దూరాన, కొలెట్ అని ఒక పిల్ల,
ఏడాది పొడుగునా ముక్కు కారేదే, ఆ పిల్ల
జేబులోంచి చేతితొడుగొకటి తీసి వాడికి తొడుగుతోంది.
రెండువేళ్ళు ఒకే గూట్లోకి దూరుతున్నాయి,
లాగుతోంది, మళ్ళీ తొడుగుతోంది.
వాడు మంచుబండి చప్పుడు చేశాడు.
ఆ పిల్లా చేసింది.
వాళ్ళ ముందున్న పిల్లాడు, వాడి ముందువాడు,
పోనుపోను వరసంతా బండే.
పదకొండు నిమిషాలు.
నా కాళ్ళు అటు పోబోయాయి. పోనివ్వలేదు.

సాయంత్రం ఆ పదకొండూ ఎటు వెయ్యాలో తెలీక
పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.
ఏటి అవతల అప్పటికే దీపాలు పెట్టేశారు.
ఎనభై అని వేసి సంతకం పెట్టాను,
అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

తొడుగు వాడి సంచిలోనే ఉండిపోయింది. రేపు తిరిగివ్వాలి.
కొలెట్ కూర్చునేది ముందు వరసలో, కిటికీ వైపు.
హీటరు దగ్గర నుంచి అక్కడిదాకా
వాణ్ణి ఒక్కణ్ణే పంపిస్తాను.