నవ్వొద్దు అన్నది నేనే

మట్టెవాడ చౌరస్తాల నా స్టూడియో.
ఠాణా నుంచి కబురొస్తే
పెండ్లి ఆల్బమ్ జిగురు చేతులకుండంగనే
అదే కెమెరా మోసుకొని పోయేటోణ్ణి.
పొద్దుగాల పెండ్లిపిల్ల పూలజడ,
మాపటికి బాయిలకెళ్లి తీసిన మనిషి పాదాలు.
రీలుకు ముప్పయ్యారు బొమ్మలు. ఒక్కటి వేస్టు చేసినా నా జేబుకే బొక్క.
ఒకే తొట్టిల కడిగిన,
ఒకే తీగెకు ఆరేసిన.

మొన్న నిశాత్ అనే పిల్ల వచ్చింది.
యూనివర్సిటీల నేరాల మీద పరిశోధనంట.
పాత నెగటివులను కిటికీ వెలుగుకు పట్టి,
దొంగ ఎట్లుంటడో మనకు ఎవరు చూపెట్టిండ్రు తాతా, అన్నది.

నేనేం చెప్పాలె?
బిస్కెట్ల డబ్బాల చెయ్యి పెట్టిన.
కొమ్మాలు దొరికిండు.

కేతిరి కొమ్మాలు.
ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు పోయినయని పట్టుకొచ్చిండ్రు.
రాత్రంత నిలబెట్టిన మనిషి.
కండ్లు ఎర్రగున్నయ్, ఘాటుకో, దెబ్బలకో.
నలుపు తెలుపుల ఎరుపు నల్లగ పడ్తది.
కెమెరాను చూసి నవ్వబోయిండు పాపం,
జాతరల బొమ్మ దిగినప్పుడు అట్లనే నవ్వమన్నరట.
నవ్వొద్దు, అన్న.
గడ్డం పైకెత్తు, అన్న.
స్టాండు విరిగి ఉండె,
ఫ్లాషు స్టూలు మీద పెట్టి కిందికెళ్లి కొట్టిన.

తెల్లారి పేపర్ల:
కండ్లల్ల పశ్చాత్తాపమే లేదట.

పదకొండేండ్లు ఠాణా గోడ మీద ఉన్నడు.
కొత్తగ వచ్చిన ప్రతి కానిస్టేబులు
ఆ మొఖం చూసి దొంగను గుర్తుపట్టుడు నేర్చుకున్నడు.
పోలిక ఉన్నదని తమ్ముణ్ణి తెచ్చిండ్రు.
తర్వాత మేనల్లుణ్ణి,
వాని ముక్కు నాకు యాదికుంది, అసలు పోలికే లేదు.
బస్తాలు అమ్ముకున్నది అడ్తి గుమస్తా అని
ఎన్నడో తేలింది.
గోడకు ఎవ్వరూ చెప్పలే.

మా క్లాసుల ఈ బొమ్మ చూపిస్తరు, అన్నది నిశాత్.
పేరుండది. కింద 'అలవాటు నేరస్థుడు' అని ఉంటది.

నెగటివుల ఆయన జుట్టు తెల్లగ.
ముసలితనం కొమ్మాలుకు అక్కడనే దొరికింది.

భూతద్దం అడిగింది.
ఫ్రేము అంచుకు, మెడ వెనకాల, ఇంకొక చెయ్యి.
కాలరును గుంజి పట్టుకున్న చెయ్యి,
వేలుకు ఉంగరం.
ప్రింటుల అది లేదు.
మా కట్టరు అప్పట్ల మంచి పదునుండె.

చానసేపు ఆ ఉంగరాన్నే చూసింది.
తర్వాత ఫోను తీసి,
మీదొక ఫోటో తీసుకుంట తాతా, అన్నది.

ఎవ్వరు చెప్పకముందే
నా గడ్డం పైకి లేసింది.