గేటు దాకా లెక్క

కిలోకి కిలో అని రాసుకున్నాను మొదట.
ఇటు గాజునార, అటు అవిసెనార.
గ్వెనోలె నవ్వలేదు.
ఒకే మందమున్న రెండు పలకలు తెచ్చి
బల్ల అంచుకు ఆనించి "వంచు" అన్నాడు.
అవిసెది ముందు వంగింది.
"దీన్ని దానంత గట్టిగా చెయ్యాలంటే
ఇంకో మూడు పొరలెయ్యాలి, మాయెల్,
అది ఇంకా రెజిన్ తాగుతుంది.
మేం అమ్మేది కిలోలు కాదు, పడవ."

కొట్టేసి మళ్లీ రాశాను.

బ్రెతాన్ తీరం. సముద్రం వెనక్కి తగ్గిన వేళ.
షెడ్డు నిండా స్టైరీన్,
నాలుక మీద తియ్యగా కూర్చునే వాసన.
దానికి నా పట్టికలో గడి లేదు.
అతని దగ్గుకీ లేదు.

గాజు కరిగించిన కొలిమి ఏ దేశానిదని అడిగింది డేటాబేస్.
సరఫరాదారు చెప్పడు.
"యూరప్ సగటు" నొక్కాను.
సగటు అనే ఊళ్లో ఎవరూ కాపురముండరు,
అక్కడ కొలిమీ లేదు.

అవిసె చేను మరీ చిక్కు.
గింజ నూనెకి, పొట్టు గుర్రాల కింద పరుపుకి,
నార మాకు.
మరి ఎరువు పాపం ఎవరి వాటా?
బరువు చూసి పంచితే నార పుణ్యాత్మురాలు,
ధర చూసి పంచితే దోషి.
చేను అదే, కురిసిన వానా అదే.

ఆయుష్షు ఇరవై ఏళ్లని పెట్టాను,
అందరూ అంతే పెడతారు.
గ్వెనోలె కిటికీలోంచి చూపించాడు:
డెబ్బై నాలుగులో వాళ్లమ్మ సోయిజిక్ అచ్చుపోసిన
గాజునార పడవ, అయిదు అతుకులతో,
ఇంకా చేపలకు పోతోంది.
"యాభైతో భాగించి చూడు."
భాగించాను. గాజు గెలిచింది.
అవిసె పడవకింకా నాలుగేళ్లే.
దాని చావు చూసినవాళ్లెవరూ లేరు.

కంపెనీకి కావలసింది పచ్చ గీత ఒక్కటే.
పొత్తిలి నుంచి గేటు దాకా చాలన్నారు.
పాడె మాట ఎవరూ ఎత్తరు.

గేటు దాటితే నది నోరు.
బురదలో పదకొండు పాత పడవలు బోర్లా పడున్నాయి.
ఒకదాని మీద పేరు సగం మిగిలింది.
పక్కన చేత్తో తడిమితే
అరచేతిలో దురద, కంటికి కనిపించని నూగు.
ఆల్చిప్పలు తవ్వేవాళ్లు అటు వెళ్లరు.

ఆ వరుసలో ఏమీ రాయకుండా వదిలేశాను.
తెలియదని అర్థం.
సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నా అనుకుని
కూడేసింది.

సాయంత్రం నీళ్లు తిరిగొచ్చాయి.
గ్వెనోలె అసిటోన్‌తో చేతులు కడుక్కుంటూ
"తేలిందా లెక్క?" అన్నాడు.
పదకొండింటిలో ఒకటి
కాస్త కదిలినట్టే ఉంది.