ఆకుపచ్చ జంట

సోహార్ రేవు పక్కన గోదాము.
జూలై ఎండ రేకుల మీద కూసుని లేస్తలేదు.
మూడు వందల అయిదు మీటర్ల డబ్బా
సగం ఖాళీ చేసి నిచ్చెన దిగిన.
రాజలింగు కింద అట్టముక్క పరుచుకుని
వైరు తోలు ఒలుస్తున్నడు,
కోరుట్లల వాళ్లమ్మ బీడీ ఆకు కత్తిరించినంత నున్నగ.

లోపల ఎనిమిది పోగులు, నాలుగు జంటలు.
"ముందు నారింజ. చారది, తర్వాత నిండుది.
మూడోది ఆకుపచ్చ చార. నాలుగోది?"
"నిండు ఆకుపచ్చ," అన్న,
గింత తెల్వదా అన్నట్టు.

నెత్తి మీద మొట్టికాయ.
"ఆకుపచ్చ జంటను విడదియ్యాలె.
ఒకటి మూడుల, ఒకటి ఆరుల.
నడుమ నీలం."
"ఎందుకన్నా?"
"టెలిఫోన్ల కాలం నుంచి గట్లనే నట.
పెట్టినోన్ని అడుగు, నన్ను కాదు."

షట్టరు సందులకెళ్లి నీలం కనవడుతున్నది,
ఓడలు మోసుకుంట.
నేనేం మాట్లాడలే.

"గని ఇటు సూడు," అన్నడు,
"విడిపోయేది గీ కొసకాడ అర అంగుళమే.
తోలు లోపల ఎనభై మీటర్లు
ఒకదాన్నొకటి మెలేసుకునే ఉంటయి.
మెలిక ఎక్కువ విప్పినవనుకో,
పక్క జంట ముచ్చట్లన్నీ వీటి ఇంట్ల జొరబడ్తయి."

క్రింపర్ ఒత్తిన. టక్కుమన్నది.

ల్యాప్‌టాప్‌ల నల్ల తెర.
"పింగ్ అంటే పెద్ద ఇద్దె ఏం కాదు.
'ఉన్నవా?' అని అడుగుడు.
పని చెప్పది, పైసలడగది.
అవుతల ఉంటే 'ఉన్న' అంటది. గంతే."

అడిగిన.
గడువు దాటింది, జవాబు లేదు.
మళ్ల. మళ్ల. నాలుగోసారి సుత.
"అవుతల ఎవరు లేరన్నా."
"జవాబు రాకుంటే లేరని కాదు తమ్మీ.
ముందు నీ కొస సూసుకో."

సూసిన.
రెండో కొసన చెయ్యి పాత అలవాటుకే పోయింది.
నాలుగోదిల నిండు ఆకుపచ్చ,
మొగని పక్కన పెండ్లాం లెక్క, తప్పుగ.
ప్లగ్గుకు విప్పుడు లేదు. కొయ్యుడే.
కోసి జేబుల ఏసుకున్న.

ఈసారి నాలుగు జవాబులు,
ఒక్కోటి మిల్లీ సెకండు కన్న తక్కువ.

"నంబరు ఎవలిచ్చిండ్రు దీనికి?"
"రౌటరు. కిరాయికి, ఎనిమిది గంటలకు.
గడువు దాటకముందే మళ్ల అడుక్కోవాలె."
"మన బతాక లెక్క."
"బతాక లెక్కనే. ఫీజు ఒక్కటి లేదు."
కార్డు మీద పుట్టినప్పుడు చెక్కిన నంబరు ఇంకోటుంటదట.
అది కిరాయిది కాదు, సొంతం.
గని ఈ గోడ దాటినంక దాన్ని ఎవడూ అడగడట.

చాయ్ తాగుకుంట అడిగిన:
"ఈడికెళ్లి మన కోరుట్ల దాకా తొవ్వ దీనికెట్ల ఎరుక?"
"దీనికేం ఎరుక?
పక్కనున్న పెట్టె ఒక్కటే ఎరుక. దానికి దాని పక్కది.
మొత్తం తొవ్వ ఎరుకైనోడు ఎక్కడా ఉండడు."

నేను సుత గట్లనే వచ్చిన.
రాయికల్ ఏజెంటుకు ముంబైల ఒకడు ఎరుక,
వానికి మస్కట్ల ఒకడు,
ఎయిర్‌పోర్టుల అట్ట పట్టుకుని నిలవడ్డోడు
నా పేరు తప్పు రాసుకున్నడు.
అయినా చేరిన.

రాత్రి క్యాంపుల, మూడో మంచం.
స్వరూప ఫోన్ ఎత్తక ఆరు రోజులు.
టవరు లేదనుకున్న, చార్జింగ్ లేదనుకున్న,
పిల్లగాడు ఎక్కడన్న పారేసిండనుకున్న.
జేబుల కోసిన ప్లగ్గు గుచ్చుకున్నది.
పోయిన శుక్రారం,
చిట్టీ పైసల లెక్క అడుక్కుంట అడుక్కుంట
నేనొక మాటన్న.
తప్పు రంధ్రంల పెట్టి, గట్టిగ ఒత్తి.

ఇంతకు ముందు పంపినయన్నీ పెద్ద పెద్ద మెసేజులే,
అన్నిట్ల ఏదో ఒక పని.
ఇయ్యాల ఒక్కటే కొట్టిన:
ఉన్నవా?