వాల్వు గీత

ఖాజా పంచర్ షాపు ముందు తొట్లో
లారీ ట్యూబును ముంచి తిప్పుతున్నాడు పెంచలయ్య.
ఎక్కడ బుడగ లేస్తుందోనని
ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
లేవలేదు.
"ఇంకో ఏడాది లాగుద్ది" అన్నాడు ఖాజా,
ట్యూబునో, మనిషినో.

నేనొచ్చి పన్నెండు రోజులు.
మళ్ళీ ఓడ పిలిచేదాకా సంగం ఆనకట్టే నా ఆఫీసు.
"ఓడ మీద్నించి నీళ్ళు బాగా కనపడతాయా?"
రోజూ ఇదే అడుగుతాడు పెంచలయ్య.
కనపడవని ఎట్ట చెప్పేది.
నీటిమట్టానికి రెండంతస్తుల కింద లాండ్రీ,
కిటికీ లేదు,
రోజుకు పదిహేను వందల తువ్వాళ్ళు.
గోడకవతల సముద్రం
పక్కవాటాలో కాపురంలా వినపడుతుంది, అంతే.
ఆరు నెలలు సముద్రంలో ఉండి
నేను తడిసింది చెమటకే.

ఒక రేవులో, సీట్లు మిగిలాయని
పనివాళ్ళను నలుగుర్ని పంపారు అడవి యేటికి.
బస్సెక్కే ముందొక కాగితం:
పోతే ఎవరిదీ పూచీ కాదు.
సంతకం పెట్టి, కింద రాశాను
సంగం, నెల్లూరు జిల్లా.

ఆకు మీద ఆకు, ఆకు కింద వాన.
పైన ఎప్పుడో వెలిసిపోయినా
కిందికి ఇంకా దిగుతూనే ఉంది.
అందులో ఒక్క పూట వాన అప్పిస్తే
మా మాగాణికి ఒక తడి సరిపోను.
పసుపు రంగు ట్యూబు, నెత్తిన హెల్మెట్టు.
"పడుకో" అన్నాడు గైడు.
పట్టపగలు, జీతం నడుస్తుండగా
వెల్లకిలా పడుకోవడం నాకు చేతకాలేదు.
చేతులు రెండూ తువ్వాలు కోసం తడుముకున్నాయి.
పక్క ట్యూబులో ఓ ముసలామె,
తొంభై డాలర్లు కట్టి వచ్చిన మనిషి,
కళ్ళు మూసుకుని నవ్వుకుంటోంది.
ఆమె మెడ చుట్టూ
నిన్న నేను మడిచిన తువ్వాలు.

గైడు పేరు డెల్‌రాయ్.
అతనికి ట్యూబు లేదు.
మొలలోతులో నడుస్తూ, మమ్మల్నందర్నీ ఒక తాడుకు కట్టి,
రాయి వచ్చినచోటల్లా మడమతో ఆపుతున్నాడు.
ఆ మడమలు చూశాను.
నాని నాని తెల్లబడి, పగుళ్ళలో పాచి.
పెంచలయ్యవి ఇక్కడికెట్టొచ్చాయి అనుకున్నాను.
ఒడ్డెక్కాక రెండు డాలర్లివ్వబోతే
నా చెయ్యి తిప్పి చూశాడు,
ఇస్త్రీ మరలు కాల్చిన మచ్చలు.
ఏమీ అనలేదు. నోట్ల మీదికి
నా వేళ్ళే మూసేశాడు.

అంతా విని పెంచలయ్య అడిగిందొకటే:
"చేపలు పడ్డాయా?"
"చేపలకు కాదన్నా."
"మరి నీళ్ళలో ఏంది పని?"
"పనేం లేదు. ఊరకే పోవడం."
"ఊరకే పోయేదానికి తొంభై డాలర్లా!"
లెక్క కట్టాడు,
కొర్రమీనైతే పద్దెనిమిది కిలోలు.
"ఖాజా, దీనికి పసుపు రంగెయ్యబ్బా."

ఆయన నడుముకు ఎడంపక్కన ఒక గీత,
ముప్పయ్యేళ్ళుగా వాల్వు ఒరుసుకున్న చోటు.
అడవి యేటిలో నాకూ అక్కడే గుచ్చుకుంది,
గంటన్నర.
గేట్లెత్తిన రాత్రి కూడా ఆయన ముందు
ఎవరూ కాగితం పెట్టలేదు.
రాయకపోయినా
ఊరందరికీ నోటికొచ్చిన మాటే కదా అది.

పొద్దు వాలాక పెన్నలో
"ఇయ్యాల వల ఒడ్డునుంచి, ఊరకే ఎక్కు" అన్నాను.
తిట్టుకుంటూ ఎక్కాడు.
తాడు పట్టుకుని నేను మొలలోతులో.
కొంగలు జొన్నవాడ వైపు పోతున్నాయి.
కాసేపు కాళ్ళతో నీళ్ళు తోశాడు
అలవాటు పోక,
తర్వాత ఆపేశాడు.
చేతులు మాత్రం రొమ్ము మీద
వల పట్టుకున్నట్టే ఉన్నాయి.
నా మడమల కింద ఇసుక జారిపోతోంది.

"అయిపోయిందా?" అన్నాడు, కళ్ళు తెరవకుండా.

"యాడన్నా, ఇంకా ఉంది.
పడుకో."