షేడు తేడా

రాత్రి రెండింటికి లేపాడు గుంటడు.
"అమ్మా, సూడు."
ఫోను వెలుగులో వాడి ముక్కు ఒక్కటే కనబడుతోంది.
"ఏటిరా?"
"తాబేలు. అందరికీ నీలంగా వస్తాది. నాకు పసుపు."

పసుపంటే గుమ్మడిపువ్వు పసుపు కాదు.
పువ్వు మర్నాడు వాడిపోయాక
ముడుచుకున్న కొసల్లో మిగులుతుందే, అది.
ముప్పై ఏళ్ళు రంగు కాగుల దగ్గర నిలబడ్డదాన్ని,
ఆ మాత్రం తెలుస్తుంది.

నాలుగు వేలకి ఒకటట.
బరంపురం పాత బస్టాండు చుట్టూ నెల్లాళ్ళు తిరిగాడట,
నాకేమో ట్యూషనని చెప్పి.
కాటు అదే, బలం అదే, డొప్ప అదే,
రంగొక్కటే దారి తప్పింది.
"దే నా రే భాయి" అంటూ టుకునా వెంటబడ్డాడట,
పదిహేను వందలిస్తానన్నాడట.
"ఇచ్చేశావా?"
వాడు చూసిన చూపుకి
దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకున్నాను.

దారి తప్పిన రంగులు
నాకు పది కాగులకొకటి వస్తాయి.
బోరు నీళ్ళలో ఉప్పెక్కువైతే,
కట్టెలు తడిసి మంట మందగిస్తే,
ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా.
సావుకారు చిలపని గుమ్మం వెలుగులోకి పట్టుకెళ్ళి
పాత ముక్క పక్కన పెట్టి చూసి
చీటీ మీద ఎర్ర సిరాతో రాస్తాడు: షేడు తేడా.
కూలి సగం.
తేడా వచ్చినదానికి మా వీధిలో ఒకటే మందు,
నలుపు.
నల్ల కాగు ఎవర్నీ ఏమీ అడగదు.

ఈ వారం తిరిగొచ్చినవి పదకొండు చిలపలు.
కుంకుమ రంగు రావాలి. వచ్చింది మరేదో:
కాలిన ఇటుకని కడిగితే
తడి ఆరేలోపు నిమిషం పాటు ఉండే రంగు.

పొద్దున్నే నల్ల కాగు కింద మంటేశాను.
లోకనాథం బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చి
చిలపల ముందు చతికిలబడ్డాడు.
ఇన్నేళ్ళలో వాడీ కొట్టంలోకి వచ్చింది
చిల్లర డబ్బుల కోసమే.

"ఇది ఎన్నింటికి ఒకటి?"
నేను లెక్కెట్టలేదు. ఎవరు లెక్కెట్టారు గనక.
"మళ్ళీ వస్తాదా?"
రాదు. ఆ నీళ్ళు పోయాయి, ఆ కట్టెలు బూడిదయ్యాయి.
"పేరేటి?"

నూట నలభై రంగుల పేర్లు చెప్పగలను నేను,
తెలుగులో కొన్ని, ఒడియాలో కొన్ని,
పొడి డబ్బాల మీది ఇంగ్లీషువి కొన్ని.
ఒక్కటీ దీనికి అతకలేదు.
వెనక నురగ బుస్సుమంటోంది.

పది ముంచాను.

సాయంత్రం తూకం తగ్గింది.
సావుకారు కాటాని రెండుసార్లు తట్టి చూశాడు.
"ఎలకలు," అన్నాను, "పాడు ఎలకలు."
గుమ్మం బయట గుంటడు
ఫోనులో తల దూర్చేశాడు గానీ,
భుజాలు కదులుతున్నాయి.