కట్టిన టైము

ముందు దుమ్మొచ్చింది లోపలికి, తర్వాత మనిషి.
చీమకుర్తిలో నల్లరాయి కోస్తే తెల్లదుమ్ము లేస్తుంది,
పద్నాలుగేళ్ళుగా చూస్తున్నా
అది నాకింకా విచిత్రమే.
ట్రాలీ ఆటోలో, యూరియా గోతాల మీద,
మోకాలి కింద కాలు
తనది కానట్టు పక్కకు తిరిగి ఉంది.

"ఏం పేరబ్బయ్యా?" అన్నాను.
"సనాతనంట మేడం," మేస్త్రీ అందుకున్నాడు,
"ఒరియా పిల్లోడు. బ్లాకు జారింది.
ఓనరు ఫోనెత్తడంలా."

రాత్రి ఎనిమిదీ నలభై.
డాక్టరు గారు వారానికి మూడ్రోజులు దర్శికి,
ఇవాళ ఆ మూడింట్లో ఒకటి.
ఎక్స్‌రే గదికి తాళముంది, చెవి ఉంది,
ఫిల్ములు లేవు.
కాలి చట్రం: స్టోరు రిజిస్టర్లో ఒకటి.
ఆ ఒకటీ పోయిన్నెల ఎవరి కాలితోనో ఒంగోలు పోయి
అక్కడే ఉండిపోయింది.

వాచ్‌మన్ కాలేషా భుజం మీది తువ్వాల లాగి
తొడకు చుట్టాను.
మెలిపెట్టడానికో కర్ర కావాలి.
ఓపీ బల్ల మీద రూళ్ళకర్ర కనపడింది.
ఒక మెలి. కారుతూనే ఉంది.
ఇంకో మెలి.
"బొవూ" అని అరిచాడు.
ఎవర్నో స్నేహితుణ్ణి పిలుస్తున్నాడనుకున్నా.
మూడో మెలికి నెత్తురు ఆగింది,
అరుపు ఆగలేదు.

టైము నుదుటి మీద రాయాలి. అట్లాగే నేర్పారు మాకు.
చెమటా దుమ్మూ కలిసిన నుదురు
స్కెచ్ పెన్నుని పట్టనియ్యలేదు.
సెలైన్ డబ్బా అట్ట చించి, దూది పరిచి,
కాలికి రెండువైపులా కట్టి
ఆ అట్ట మీదే రాశా, లావుగా:
కట్టిన టైము 8.52.

నూట ఎనిమిది పొదిలి దగ్గరుందంట.
సెలైన్ స్టాండుకి ఒక కాలు విరిగితే
మొన్న జూన్లో దానికీ నేనే కట్టు కట్టా, అది నిలబడదు.
కాలేషా సీసా ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు,
చెయ్యి మార్చి, మళ్ళీ మార్చి,
ముప్ఫై ఎనిమిది నిమిషాలు.
మధ్యలో ఒకసారి, "వీడికి మా చిన్నోడి వయసే మేడం" అన్నాడు.
నేను పల్సు లెక్కపెడుతున్నా, పలకలేదు.

వాళ్ళు వెళ్ళాక గట్టు కడిగాను.
క్వారీవాళ్ళు వేయించిన గట్టది, దాతల పేర్లతో.
నల్లటి రాయి, లోపల చుక్కలు చుక్కలుగా మెరుపు.
ఎంత నెత్తురు పడ్డా
రెండు చెంబులతో పోతుంది.
మంచి రాయి. అబద్ధమెందుకు.

తొమ్మిదో రోజు మేస్త్రీ వచ్చాడు.
"ఒంగోల్లో పెద్దడాక్టరు అడిగాడు మేడం,
ఈ టైము రాసిందెవరని."
"కాలు?"
"పాదం తీసేశారు. మోకాలు నిలిచింది."
కాసేపు గుమ్మం దగ్గరే నిలబడి
"వాళ్ళమ్మొచ్చింది రైల్లో.
వాడు బొవూ బొవూ అని ఒకటే ఏడుపు" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు
ఆ రాత్రి రెండో మెలికి
వాడు పిలిచిందెవర్నో.

ఇప్పుడు కాలేషా అట్టపెట్టెలు పారెయ్యడం లేదు.
మడిచి బీరువా పైన పెడుతున్నాడు,
చిన్నపిల్లలకని చిన్నవి విడిగా.
చట్రానికి ఇండెంటు మళ్ళీ రాశా.
తువ్వాల రాలేదు, ఆయన అడగలేదు.
రూళ్ళకర్రా రాలేదు.
ఓపీ రిజిస్టర్లో గీతలు
చేత్తోనే గీస్తున్నాను,
వంకరగా వస్తున్నాయి.